ఖాడీ తేటపడింది

సూరత్.

చిరంజీవి సౌభాగ్యవతి కోడలు ప్రమీలను మామ లస్మయ్య మనసారా దీవించి రాయునది. ఇక్కడ నేను, నీ పెనిమిటి రాజమౌళి ఒంట్లో బాగానే ఉన్నాము. నువ్వు, చిన్నది అక్షర సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను.

నా దగ్గు గురించి అడిగావు, తగ్గింది. ట్రైనింగ్ ఎలా జరిగిందనీ అడిగావు. ఏమని చెప్పను తల్లీ! ఏడో తరగతి చదివి రంగుల మిల్లులో బతుకు వెళ్లదీసినవాణ్ణి. బస్తీ పిల్లలకు సాయంత్రాలు అ ఆలు దిద్దిస్తున్నానని నన్నూ టీచర్ల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టారు! ట్రైనింగ్ ఇచ్చిన సుభాషిణి మేడమ్ "మాస్టర్‌జీ" అని పిలిస్తే కళ్లు తడిశాయి. నీళ్లూ చెట్లూ పుస్తకంలో కాదు, పిల్లలను తీసుకెళ్లి చూపించండి అన్నారు.

అలాగే పిల్లలను బస్తీ వెనక ఖాడీకి, అదే, మిల్లుల నీళ్లు కలిసే వాగుకు తీసుకెళ్లాను. ఎప్పుడూ ఎర్రగానో నీలంగానో పారేది, ఆ రోజు అడుగున రాళ్లు కనబడేంత తేటగా ఉంది. సంతోషం పట్టలేకపోయాను.

"సూడుండ్రి బిడ్డా, నీళ్లంటే గిట్లుండాలె! కొట్టుండ్రి చప్పట్లు!"

ఒక్కరూ కొట్టలేదు. పక్కింటి కొమురవ్వ మనవరాలు నన్ను ఎగాదిగా చూసింది.

"గిదేం ఖుషీ తాతా? పానీ సాఫ్ అయిందంటే మిల్లులు బంద్ వడ్డట్టే. మా బాపు పని లేక ఇంట్లనే పన్నడు. మిల్లుల పనిజేసినవు, గంత గూడ ఎర్కలేదా?"

ఎత్తిన చేతులు దించుకున్నాను. ఖాడీ రంగు చూసి పని ఉందో లేదో చెప్పుకోవడం మా మిల్లువాళ్లందరికీ అలవాటే. ట్రైనింగ్ సంబరంలో నేనే మరిచాను.

రోజూ అన్నం డబ్బా పట్టుకుని డ్యూటీకని పోతూనే ఉన్న రాజమౌళిని ఇంటికొచ్చి నిలదీశాను. మురికినీళ్లు వదులుతున్నారని వాడి మిల్లుకూ తాళం పడిందట. ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు.

"ప్రమీలకు జెప్పకు బాపూ. ఆమె వచ్చేటాల్లకు షురువైతది," అని నా చేయి పట్టుకున్నాడు. సరేనన్నాను. కానీ దాచలేకపోతున్నాను.

నువ్వూ అక్షరా వచ్చి ఉండటానికి ఇక్కడ పల్సానాలో గది దొరికిందా అన్నావు. వెతకడం ఆపేశాము. అంగన్‌వాడీలో ఆయా పని మానేస్తానని రాశావు, మానకు తల్లీ. వాగు బాగుండాలని నేర్చుకొచ్చిన నేనే పొద్దున లేచి, మళ్లీ ఎర్రబడిందా అని తొంగి చూస్తున్నాను. పిల్లలకు ఏ పాఠం చెప్పాలో తోచడం లేదు.

సూరత్ ఎప్పుడు పోదామని అక్షర అడిగితే, బాపే ఊరికి వస్తాడని చెప్పు. మిల్లు తెరవకపోతే అది అబద్ధం కాబోదు.

ఇట్లు,
నీ మేలు కోరే మామ,
లస్మయ్య