వెనక సీటు లేని బండి

నాయనా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఈరోజు కొత్త బండి తీశాను. దానికి పెట్రోలు అక్కర్లేదు, హారనూ లేదు. నాలుగు బుల్లి చక్రాల మీద ఒక చెక్క, అంతే. స్కేట్‌బోర్డు అంటారు. నలభై ఏళ్లొచ్చాక ఇదేం పిచ్చి అని చిత్తూరంతా నవ్వినా సరే, నేర్చుకుని తీరతాను.

అమ్మ మాత్రం నవ్వలేదు. "సక్రాలుండాయి కదా, ఇదీ బండే. మీ నాయనుంటే పూజ సేయకుండా కదలనిస్తాడా?" అంటూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతిచ్చింది. నేను ఎక్కి, ఒక కాలితో నేలను గట్టిగా తన్నాను. నిమ్మకాయలు నలగలేదు. బోర్డు అక్కడే ఆగిపోయింది, నేను మాత్రం వెళ్లి ముగ్గులో పడ్డాను.

"సక్రాలు ఇంత సిన్నవని సూసుకోలేదు పాపా" అంటూ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

నిమ్మకాయలు తీసేసి మళ్లీ ఎక్కాను. మనింట్లో ఏ బండి కొన్నా మొదటిసారి వెనక కూర్చునేది నువ్వే. దీనికి సీటే లేదు. అందుకే కొంచెం ముందుకు జరిగి, వెనక చోటు వదిలి నిలబడ్డాను.

వీధి చివర రేషన్ షాపు దాకా ఇద్దరమూ పడలేదు.