సాయంత్రానికి వాలే రెప్ప

జూలై 4
మళ్ళీ అదే. పొద్దున్న చేపల బుట్టతో అరసవల్లి వీధుల్లో బాగానే అరిచాను. "వంజరాలూ, సందువాలూ, కానగంతలూ, నెత్తళ్ళూ, రొయ్యలో…" అని, ఒక్క ఊపిరిలో. మధ్యాహ్నం మా ఊళ్ళో ఆటో దిగేసరికి ఎడమ రెప్ప సగం వాలిపోయింది. సాయంత్రానికి మాట ముద్దముద్దగా…
అత్త దగ్గరికొచ్చి నా నోరు వాసన చూసింది. పెళ్ళయి ఇన్నేళ్ళకి!
వేట నుంచి వచ్చిన మావ గుమ్మంలోనే, "ఒసే, తాగీసినావేటే?"

జూలై 5
తాగి తాగి పోయిన మనిషి కూతుర్ని. అందుకే కట్టుకున్న మావకి ఆ అనుమానం. చుక్క ముట్టలేదని ఒట్టేశాను. ఆ ఒట్టు కూడా నత్తినత్తిగా వచ్చింది. ఎవరు నమ్ముతారు?

జూలై 6, ఆదివారం
సూర్యభగవానుడి రోజు. అరసవల్లిలో చేప ముట్టరు. రోజంతా పడుకునే ఉన్నాను. దీపాలు పెట్టేదాకా రెప్ప నిలబడింది, మాట కూడా.
"ఈయేళ తాగనేదు కావాల" అంది అత్త.
గిన్నె విసిరాను. గోడకి. ఆవిడ మీదకి కాదు.

జూలై 8
మావే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పొద్దున్నే. రాత్రంతా నిద్రపోయి లేచిన కళ్ళు… చక్కగా విప్పారి ఉన్నాయి. మాట గలగలా వచ్చింది. "నీరసమమ్మా, టానిక్ వాడండి."
బయటికొచ్చాక మావ, "టానిక్కంట. ఇంక నువ్వేటి సెప్తావో సెప్పు."
నా ఒళ్ళే నాకు సాక్ష్యం చెప్పనంటోంది.

జూలై 10
గంజి తాగితే ముక్కులోంచి వచ్చింది. దగ్గు. కళ్ళ వెంట నీళ్ళు. ఇంట్లో ఎవరూ లేరు. భయమేసింది, నిజంగా భయమేసింది.
ఇంటర్ బైపీసీ గుర్తొచ్చింది. రెప్ప ఎత్తడానికి కండరం, నమలడానికి కండరాలు, మింగడానికి కండరాలు. బొమ్మలు గీసి, పేర్లు రాసి మార్కులు కొట్టేశాను. నడవడానికీ బరువులెత్తడానికే కండలు కావాలనుకునే వయసు. ఒక మెతుకు గొంతు దిగడానికి ఇంత బలగం కావాలని అప్పుడెవరికి తెలుసు.

జూలై 12
మధ్యాహ్నం మిగిలిన చేపలకి ఐసు కొడుతున్నాను. ఎండకి తల పగిలిపోతోంది. ఐసు గుడ్డలో మూటగట్టి కళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాను. తీసేసరికి ఎదురుగా మావ.
"ఏటే… నీ కన్ను తెరుసుకున్నాది!"
అద్దంలో చూశాను. రెప్ప పైకి లేచి ఉంది! కాసేపటికి మళ్ళీ జారింది.
"మళ్ళీ ఎట్టు" అన్నాడు. పెట్టాను. మళ్ళీ లేచింది. మళ్ళీ జారింది.
ఐసు మూట తన చేతిలోకి తీసుకున్నాడు. "తాగినోల్లకి ఐసెడితే మత్తు దిగదు కదే…"
ఇన్నాళ్ళ ఏడుపూ అప్పుడొచ్చింది.

జూలై 14
నరాల డాక్టరమ్మ. ఈసారి కావాలనే సాయంత్రం వెళ్ళాం. బుట్ట మోసి, అరిచి, అలిసిపోయి. "పైకప్పు వంక చూడండమ్మా, చూపు దించకండి" అంది. చూస్తూనే ఉన్నాను, రెప్పలు వాటంతటవే దిగిపోయాయి. మావ ఐసు సంగతి చెబితే ఆవిడ పెన్ను పక్కన పెట్టి విన్నది.
మయస్తీనియా అట. నరం కబురు పంపుతోంది, కండరం అందుకోలేకపోతోంది. వాడినకొద్దీ ఓపిక అయిపోతుంది, పడుకుంటే తిరిగొస్తుంది. చల్లబడితే కాసేపు కబురు అందుతుంది. గుండె కూడా కండరమే గానీ దాని జోలికి పోదంది. హమ్మయ్య అనుకునేలోపే, "ఊపిరి తీసేది కూడా కండరమేనమ్మా. పడుకుంటే ఆయాసం వచ్చినా, మాట మధ్యలో ఊపిరి తెగినా వెంటనే వచ్చెయ్యాలి."
ఉదరవితానం. బొమ్మలో ఊపిరితిత్తుల కింద గొడుగులా గీసేవాళ్ళం.

జూలై 17
మాత్ర వేసుకుంటే కాసేపు మనిషినే. ఆ కాసేపట్లోనే అన్నం తినెయ్యాలి. అత్త మెత్తగా వండి పెడుతోంది. "కూకో, బుట్ట నానెత్తుతాను." క్షమించమని అడగదు. అడగకపోయినా పరవాలేదు.

జూలై 19
మావకి ఇప్పుడు రాత్రి వేట. కొత్త పరీక్ష పెట్టాడు. రోజూ సాయంత్రం నేను చేపల కేక ఒక్క ఊపిరిలో అనాలి. "రొయ్యలో" దాకా వస్తేనే వేటకెళ్తాడు. ఇవాళ వచ్చింది. ఈలేసుకుంటూ వెళ్ళాడు.

జూలై 21
ఛాతీలో గడ్డేమైనా ఉందేమోనని డాక్టరమ్మ తీయించిన స్కాన్ రిపోర్టు ఇంకా రాలేదు. రేపో ఎల్లుండో.

జూలై 22
చీకటి పడుతోంది. ఇందాక పడవెక్కే ముందు, "ఏదీ, అను" అన్నాడు.
వంజరాలూ, సందువాలూ, కానగం— అక్కడే తెగిపోయింది. తల తిప్పి, దగ్గినట్టు నటించి, గాలి పీల్చుకుని మిగతాది అనేశాను. "బాగున్నాది" అని నవ్వాడు. నిజం చెప్పినన్నాళ్ళూ నమ్మని మనిషి, ఇవాళ నమ్మి వెళ్ళాడు.
దాచింది వేట పోతుందని కాదు. పెద్దాసుపత్రి, గొంతులో గొట్టం… అదంటే నాకు చచ్చేంత భయం.
పడుకుంటే ఊపిరాడట్లేదు. గోడకి ఆనుకుని రాస్తున్నాను. అత్త ఇంకా రేవు నుంచి రాలేదు. కిటికీలోంచి పడవ లైటు కనిపిస్తోంది, ఫోన్ సిగ్నల్ దాటి ఉండదు. మాట ముద్దగా వస్తుంది, తెలుసు. వచ్చినా ఈసారి తాగావా అని అడగడు.
మావకి ఫోన్ చేస్తున్నాను.