ఒక ఈత పిల్లలు

ప్రియమైన మరదలు పిల్లకి,

మీ కలప అడితి ఫోను లైను ఇంకా బాగవలేదని లారీ డ్రైవరు చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నా గోడు నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మీ అన్నయ్య పోయిన దగ్గర్నుంచి చిట్టికి తిక్క పట్టినట్టుంది. మెట్ల మీద అడుగు వినిపిస్తే చాలు, ఆయనేననుకుని తలుపు దగ్గరికి పరిగెత్తడం, కాదని తెలిశాక ఆ వచ్చినవాళ్ళ మీద ఎగబడటం. మొన్న కింద వాటా లెక్చరరు గారి చెయ్యి పట్టేసింది. రక్తం రాలేదు, పంటి గాటు పడింది, అంతే. అయినా ఇంటి ఓనరు ఒంటికాలి మీద లేచాడు. నెలాఖరుకల్లా కుక్క ఇంట్లో ఉండకూడదట, ఉంటే మునిసిపాలిటీ బండిని తనే పిలుస్తాడట. ఆ బండెక్కిన కరిచే కుక్క మళ్ళీ ఇంటికి రాదని వీధంతా చెప్పుకుంటారు.

నీ దొరసానీ ఇదీ ఒక ఈతవే కదా. మా మెట్ల కింద ఒకదాని మీద ఒకటి పడి పాలు తాగినవే. పాలు మరిచీ మరవకముందే మీ అన్నయ్య దొరసానిని తెచ్చి నీ ఒళ్ళో పెట్టారు. దాని చెల్లెల్ని కూడా నీ దగ్గర ఉంచుకోవూ? తోడబుట్టినదాన్ని గుర్తుపట్టదంటావా? చిట్టి ఆయన చేత్తో పెంచిన పిల్ల. దాన్ని కూడా పోగొట్టుకుంటే నేను తట్టుకోలేను.

నీ జవాబు కోసం కాచుకుని ఉండే,
వదిన

*

ప్రియమైన వదినకి,

నువ్వు అడగడమూ నేను కాదనడమూనా! కానీ దొరసాని సంగతి నీకు తెలీదు. దుంగల మధ్య కాపలా తిరిగీ తిరిగీ అది రాక్షసి అయి కూర్చుంది. పోయినేడు గోడ దూకి వచ్చిన వీధికుక్కని, మేం కర్రలు పట్టుకుని పరిగెత్తేలోపే మెడ కొరికి చంపేసింది. మా రంపం మేస్త్రీ ఇప్పటికీ దాని పక్కనుంచి వెళ్ళాలంటే నన్ను తోడు పిలుస్తాడు. అంత మీసముంది, దేనికి!

విడదీసి ఇన్నేళ్ళయింది. మనుషులమే మర్చిపోతాం, అది గుర్తుపెట్టుకుంటుందా? నిజం చెప్పొద్దూ, నాకు భయంగా ఉంది. ఓ పని చెయ్యి. చిట్టి పడుకునే గుడ్డ ఏదైనా ఉతక్కుండా పంపు, వాసన చూపిద్దాం. దొరసాని మెడ మీద జుట్టు లేచిందా, ఇక ఆ మాట మర్చిపో.

నీ పిరికి
ఆడపడుచు

*

ప్రియమైన అమ్మడూ,

చిట్టి పడుకునే బొంత పంపుతున్నాను. పొద్దున్న ఓనరు మళ్ళీ తలుపు కొట్టి గుర్తుచేసి వెళ్ళాడు. మిషను తొక్కుతున్నానే గానీ ధ్యాస లేదు, ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. నవ్వకు. దొరసాని ఏం చేసిందో ఉన్నదున్నట్టు రాయి. నన్ను చూసి జాలిపడి అబద్ధం రాశావో, ఊరుకోను.

ప్రాణం ఉగ్గబట్టుకున్న
వదిన

*

ప్రియాతిప్రియమైన వదినకి,

పంపించెయ్!

బొంత వాకిట్లో పరిచాను. మేస్త్రీ గదిలో దూరి తలుపేసుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. దొరసాని వచ్చింది, మూతి ఆనించింది, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వాసన చూసింది. తర్వాత ఏం చేసిందో తెలుసా? పసిపిల్లలా కుయ్ కుయ్ మంటూ బొంత మధ్యలో ముడుచుకుని పడుకుంది! తిండి గిన్నె చూపించినా లేవలేదు. దాని గొంతులో ఆ చప్పుడు నేనెన్నడూ వినలేదు, వింటుంటే ఏడుపొచ్చింది. రక్తసంబంధం ఎక్కడికి పోతుంది వదినా!

శుక్రవారం లారీ ఎక్కించు. గేటు తీసి నేనే దించుకుంటాను. గొలుసులూ గిలుసులూ ఏమీ అక్కర్లేదు.

గంతులేస్తున్న
ఆడపడుచు

*

అమ్మడూ,

పొద్దున్నే చిట్టి లారీ ఎక్కింది. అది వెళ్ళాక, టీకాల కాగితం నీకు పంపుదామని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళి, బొంత సంగతి గొప్పగా చెప్పాను. "ఆ బొంత మొదట్నించీ చిట్టిదేనా?" అన్నాడాయన.

కాదు. వాటి తల్లిది. మొన్న చలికాలంలో పోయేదాకా ముసలిది దాని మీదే పడుకునేది. ఉతకడానికి నాకు మనసొప్పలేదు. ఆ తర్వాతే చిట్టి దాన్ని ఎక్కింది.

డాక్టరు తల పట్టుకున్నాడు. తల్లి వాసన కుక్కలు ఏళ్ళ తరబడి మర్చిపోవట. విడిగా పెరిగిన తోబుట్టువుల్ని మాత్రం చాలావరకు పోల్చుకోలేవట. దొరసాని గుర్తుపట్టింది అమ్మనే, చెల్లెల్ని కాదు. ఇంత చిన్న విషయం నా బుర్రకి తట్టలేదు చూడు.

బస్సు కండక్టరుని కాళ్ళావేళ్ళా పడి ఇది పంపుతున్నాను. లారీ కంటే ముందు అందితే దొరసానిని కట్టెయ్. గేటు తియ్యకు. నీకు దణ్ణం పెడతాను, గేటు తియ్యకమ్మా.

వదిన

*

ప్రియమైన వదినకి,

చిట్టి బతికే ఉంది. ముందు ఆ మాట చదివి కూర్చో, మిగతాది తర్వాత చదువు.

నీ ఉత్తరం కంటే లారీయే ముందొచ్చింది. గేటు తీసేశాను. చిట్టి దిగి ఒళ్ళు దులుపుకుంది. దొరసాని దుంగల వెనకనుంచి వచ్చి ఒక్క క్షణం చూసింది. గుర్తుపట్టడమా, పాడా! మీద పడి చెవి పట్టేసింది. అరిచాను, మెడ పట్టుకుని లాగాను, వదిలితేనా! చివరికి మన మీసాల మేస్త్రీయే నీళ్ళ గొట్టం తెచ్చి దాని మొహం మీద కొట్టాడు. అది ఉక్కిరిబిక్కిరై నోరు తెరిచేసరికి చిట్టిని ఎత్తుకుని గదిలోకి పరిగెత్తాను. చెవి సగం చీలింది. ఇక్కడి డాక్టరమ్మ కుట్లు వేసింది, నీ అంత నీటుగా మాత్రం కాదు. నా మోచేతి మీద కూడా ఓ గాటుంది, ఎవరి పన్నో తెలీదు.

వెనక్కి పంపమంటావని తెలుసు. పంపను. అక్కడ ఆ బండి కాచుకుని ఉంది. చుట్టరికం సంగతి మర్చిపోయి కొత్తవాళ్ళని కలిపినట్టు కలపమంది డాక్టరమ్మ. రోజూ రెండిటినీ ఎడంగా పెట్టి ఒకే దారిన నడిపించాలట. కాస్త కాస్తగా ఆ ఎడం తగ్గించుకుంటూ రావాలట. నెలలు పడుతుందట.

అది వింటుంటే నాకు మనిద్దరం గుర్తొచ్చాం. నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో నీ దువ్వెన వాడానని నువ్వు అరిస్తే, నేను దాన్ని కిటికీలోంచి విసిరేశాను. ఎన్నాళ్ళు మాట్లాడుకోలేదు మనం! నువ్వూ నేనూ ఏ తల్లి పాలు పంచుకున్నామని? అయినా అన్నయ్య పోయినరోజు నేను పడి ఏడ్చింది నీ ఒళ్ళోనే.

ఇప్పుడు అసలు సంగతి. రెండు కుక్కల్ని నడిపించడానికి ఇద్దరు మనుషులు కావాలి. మేస్త్రీ గొలుసు ముట్టుకోనంటున్నాడు. చిట్టేమో మంచం కిందనుంచి రావడం లేదు, నేను పిలిస్తే మొహం తిప్పేసుకుంటోంది. దాని గొలుసు నువ్వే పట్టుకోవాలి. శుక్రవారం లారీ అక్కడ సరుకు దించి ఖాళీగా తిరిగొస్తుంది. నీ కుట్టు మిషనుకీ, మంచానికీ, నీకూ చోటుందని డ్రైవరుని అడిగి మరీ రాస్తున్నాను. తాళాలు ఓనరు మొహాన కొట్టి ఎక్కెయ్.

మొండికేస్తే నేనే వచ్చి ఎత్తుకొచ్చేస్తానని బెదిరిస్తూ,
నీ మరదలు పిల్ల