నాన్న లాగిన తీగ

టోవ అక్కా, ఇక్కడ అందరం కులాసా. నీ మోకాలు ఎలా ఉంది?

మన గాలిమర నుంచి పక్కింటి ఆగ్నెటె అత్త పశువుల కొట్టానికి నాన్న కరెంటు తీగ లాగితే, రూలు ఒప్పుకోదని సర్కారు ఆఫీసువాళ్ళు కోసేశారు, గుర్తుందా? ఇప్పుడు వాళ్ళే మూడేళ్ళపాటు ఆ రూలు పక్కనపెట్టి, "పొరుగింటికి ఇచ్చి చూపించండి, బాగుంటే చట్టమే మారుస్తాం" అంటున్నారు. నిన్న తీగ లాగాం. అప్పట్లో తీగ ఆనడానికి నాన్న బిగించిన పింగాణీ కప్పు దారిలోని చెట్టు బెరడులో ఇంకా ఉందే! ఎంతసేపు తడిమానో.

అప్పటి నోటీసు నీ దగ్గరుంటే పంపు, పటం కట్టిస్తాను. బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు ట్రోల్స్

మరిచాను, కొట్టంలో దీపం వెలగ్గానే అత్త పండగరోజులా ఇంటిముందు జెండా ఎగరేసింది. "మూడేళ్ళకే అత్తా అనుమతి" అన్నాను. "నాకు తొంభై రెండురా వెధవా, చాలు" అంది.