పదకొండో పేరు

బందరు,
26-12-1977.

మహారాజశ్రీ శివరామయ్య గారికి,

అబ్దుల్ హమీద్ సలాములు. ఇక్కడ క్షేమం, అక్కడ మీరూ మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. ఇలా రాయడం మర్యాద కాబట్టి రాశాను. ఇరవై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర ప్రూఫులు దిద్దుకుంటూ బావా అని తప్ప పిలవని మనిషిని ఇవాళ గారూ అంటున్నానంటే ఆ ఘనత మీదే.

మీరు గుడివాడ నుంచి పంపిన ప్రూఫును కండక్టరు సత్తిబాబు నిన్న తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో ఎవరికీ చూపించకుండా ముందు నన్నొక్కణ్ణే చూడమన్నారట. చూశాను. దివిసీమ ఉప్పెనలో పోయినవారి పట్టికలో మా చెల్లెలు రోషన్ బీ పేరు ఉంది.

సహాయ సంఘంవాళ్ళు మనిద్దరికీ చెరో పని ఇచ్చారు. మీరు ఊరూరా తిరిగి, కనిపించనివాళ్ళ పేర్లు రాశారు. నేను శిబిరాలు తిరిగి, బతికి ఉన్నవాళ్ళ పేర్లు రాశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, ఒకటిగా కలిపి అచ్చు వేయాలి. రెండింటిలోనూ ఒకే పేరు పడితే ఆ మనిషి దొరికినట్టు, మీ జాబితాలో కొట్టేయాలి. ఈ మాత్రం చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. అలా పదకొండు పేర్లు పడ్డాయి. పదిమందిని మీ జాబితాలో కొట్టేశారు. పదకొండో పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీది ఉంచి, నా వరస కొట్టేశారు. మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళా?

అసలు ఒక్కరే ఎందుకు కూర్చున్నారు? ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు రెండో కాపీలో చూసుకోవాలి. ఒక్కడే రెండు కాపీలూ చూస్తే కళ్ళు వాటికి కావలసిందే చూస్తాయని నాకు నేర్పింది మీరే. మన ప్రెస్సు కప్పు గాలివానకు లేచిపోతే గుడివాడలో అచ్చు వేయించడానికి కాయితాలు పట్టుకెళ్ళారు, సరే. నన్ను రమ్మని ఒక కార్డు ముక్క రాస్తే వచ్చేవాణ్ణి కాదా? బస్సులు తిరుగుతూనే ఉన్నాయి కదండీ!

మీకు సాక్ష్యం ఎవరు? తాటిచెట్టు పట్టుకుని బతికిన నాంచారయ్య. రోషన్ బీ ఇంటి పక్కవాడు. ఇల్లు మునగడం చూశానని అన్నాడట. ఆ చీకట్లో, ఆ గాలిలో అతను ఏం చూశాడో ఆ దేవుడికే తెలియాలి. నా జాబితాలో ప్రతి పేరు పక్కనా వేలిముద్ర వేయించాను. బంటుమిల్లి శిబిరం కాయితంలో చివరి వరస చూడండి. రోషన్ బీ పేరు, పక్కన వేలిముద్ర. ఇంతకంటే ఏం కావాలి మీకు? అంత బండరాయి మనసేమిటండీ మీది?

అమ్మతో రోషన్ బంటుమిల్లిలో ఉందని చెప్పాను. ఇంకా ఎందుకు తీసుకురాలేదని రోజూ అడుగుతోంది. దారులు బాగుపడలేదని చెబుతున్నాను. ఈ పట్టిక శుక్రవారం అచ్చయి ప్రతి పంచాయతీ గోడకూ ఎక్కితే, ఎవరో ఒకరు అమ్మకు చదివి వినిపిస్తారు. ఆ పాపం మీదే. ఆ పేరు తీయించండి. తీయించకపోతే ఈ జన్మలో మా గుమ్మం తొక్కవద్దు.

ఇట్లు,
అబ్దుల్ హమీద్.

తా.క.: కవరు అంటించి, మళ్ళీ చించాను.

బావా, ఆ వేలిముద్ర నాది.

బంటుమిల్లిలో చెల్లెలు లేదు. అంతకు ముందు చూసిన మూడు శిబిరాల్లోనూ లేదు. నాంచారయ్య నీకు చెప్పిందే నాకూ చెప్పాడు. మిగతా అందరినీ కళ్ళారా చూసి రాశాను. ఆ ఒక్క పేరూ చూడకుండా రాసి, నా బొటనవేలే వేశాను. కటింగ్ మిషను కత్తి దిగిన అడ్డగీత అందులో స్పష్టంగా పడింది. ఆ రోజు రక్తం ఆగకపోతే నీ పైపంచె చింపి కట్టినవాడివి, ఆ వేలు నువ్వు గుర్తుపట్టకుండా ఉంటావా? ఆ వరస నాకు చదివి వినిపించలేకే ఒక్కడివే కూర్చున్నావు. సంఘంవాళ్ళకు కూడా నా అబద్ధం చెప్పలేదు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు నా కోపమంతా నీ మీద పడింది.

ఆ పేరు అలాగే ఉంచు.

అమ్మకు ఇప్పుడే చెప్పాను. ఏడవలేదు. నాకు ముందే తెలుసురా, నీ కోసమే అడుగుతున్నాను అంది. గురువారం నలభయ్యో రోజు, చెల్లెలి పేరున ఫాతెహా చేస్తున్నాం. పొద్దుటి బస్సుకు రా. కాయితాలు తీసుకురా. ఆ పదకొండు పేర్లూ నువ్వు పైకి చదువు, నేను చూసుకుంటాను.