ఆరో నంబరు లూమ్

మార్చి 3
సమ్మె మొదలై ఇరవై రోజులు. మిల్లు గేటు దగ్గర మీటింగులో పాడమని యూనియన్ వాళ్ళు పిలిచారు. పాడను, మిల్లు చప్పుళ్ళతో ట్రాక్ చేసి వినిపిస్తానన్నాను. సెక్రటరీ తల గోక్కుని, పదిహేనేళ్ళుగా ఆ గోల భరించలేక చస్తున్నాం, మళ్ళీ స్పీకర్లో కూడానా అమ్మా అన్నాడు. మీ చప్పుడు మీ చేతికొస్తే అదే మీ ఆయుధం అని పెద్ద లెక్చర్ దంచాను. వాళ్ళతోపాటు సమ్మెలో ఉన్న అన్నయ్య, మా చెల్లికి కాస్త తిక్క, వినండి పర్లేదు అని సర్దిచెప్పాడు.

సమ్మెకు ముందు మిల్లు షెడ్డులో అటూఇటూ తిరుగుతూ రికార్డు చేసినవన్నీ విన్నాను. ఒకటే దరువు. పరమ బోర్.

మార్చి 9, మధ్యాహ్నం 2
దొరికింది! మిల్లు వెనక గోడ పక్కన నడుస్తుంటే లోపల ఒకే ఒక్క లూమ్, మరమగ్గం, ఆడుతోంది. మూడు దెబ్బలు సాఫీగా, నాలుగోది కుంటుతూ. ఒళ్ళు జలదరించింది. రికార్డర్ గోడకు ఆనించి పదకొండు నిమిషాలు ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఎవరో టెస్టింగ్ చేస్తున్నట్టున్నారు. నాకెందుకు?

మార్చి 10
ట్రాక్ అయింది. అంతా ఆ కుంటి దెబ్బ మీదే నిలబడింది.

మార్చి 12
రెండొందల మంది విన్నారు. మొదట నవ్వారు. తర్వాత ఒకామె, ఇది నాదే, పన్నెండో నంబరు అంది. వెనకనుంచి ఇంకొకాయన, ఇది నాది అన్నాడు. ఒక్కొక్కరూ తమ మెషీన్ని గుర్తుపడుతుంటే నాకు ఏడుపొచ్చింది. జన్మలో నా సంగీతాన్ని ఇంత శ్రద్ధగా ఎవరూ వినలేదు.

అప్పుడు కుంటి దెబ్బ వచ్చింది. పన్నెండో నంబరామె, ఇది ఆరో నంబరు కదూ అంది. ఆర్నెల్లుగా మూలపడి ఉన్న లూమ్ అది. సమ్మెకు దిగిన రోజు కూడా అలాగే ఉంది. నా రికార్డర్ వయసేమో రెండు నెలలు. అంటే సమ్మెలోనే ఎవరో దాన్ని బాగుచేసి ఆడించారు. దాన్ని బాగుచెయ్యగల ఫిట్టరు మిల్లు మొత్తానికి ఒక్కడే.

అందరూ అన్నయ్య వైపు తిరిగారు. ట్రాక్ మోగుతూనే ఉంది. ఆపాలని కూడా తోచి చావలేదు నాకు.

మార్చి 13
లూమ్ ఆడించకపోతే క్వార్టర్స్ ఖాళీ చేయిస్తానని మేనేజరు అన్నయ్యను బెదిరించాడట. ఎనిమిదో నెల కడుపేసుకుని నేనెక్కడికి పోతాననుకున్నావు అని వదిన నిలదీసింది. ఒక్క లూమ్, నాలుగు రోజులు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడట మీ అన్న. వినడానికి నువ్వున్నావుగా అంది.

మార్చి 16
ఒకడు పనిలోకి వెళ్ళాడని తెలిశాక ఇద్దరు వెళ్ళారు. ఇవాళ అరవై మంది. సమ్మె అయిపోయింది.

సంగీతం ఏదో మార్చేస్తుందని నమ్మాను. మార్చింది.

మార్చి 19
అన్నయ్య పక్కన ఎవరూ నిలబడటం లేదట. ఆ అరవై మంది కూడా. వాళ్ళందరి సిగ్గూ మోయడానికి ఒకడు కావాలి, నేను పట్టిచ్చాను.

సాయంత్రం వచ్చాడు. తిట్టలేదు. తిడితే బావుండేది. ఆ ముక్క చెరిపెయ్యి తల్లీ, రేపు నా బిడ్డ వినకూడదు అన్నాడు. ఒట్టేశాను.

మార్చి 27
మ్యూజిక్ ఫెస్టివల్ వాళ్ళు ఫోన్ చేశారు. సమ్మెను పడగొట్టిన ట్రాక్ మీదేనటగా, పంపిస్తారా అని ఎంతో మర్యాదగా అడిగారు.

మార్చి 28, ఉదయం 6
ఆరో నంబరు తీసేసి విన్నాను. చప్పగా ఉంది.

మళ్ళీ పెట్టి పంపేశాను.