ఎక్స్‌డీ-04 అనే ఫైలు విషయమై

అచ్చాఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైన నేను, డెబ్బై మూడో ఏట, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా నా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. మతి విషయంలో అనుమానం ఉన్నవారు ఇందులో ఒక్క అచ్చుతప్పు చూపించవలెను. దీన్ని అమలుపరిచే బాధ్యత మా అమ్మాయిది.

1. నేను ఉంటున్న రెండు గదుల వాటా, బ్యాంకు డిపాజిట్టు నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. ఆమె తరువాత మా అమ్మాయికి. ఇందులో తగాదాకు తావు లేదు.

2. మూడు సంపుటాల నిఘంటువులో రెండోదాన్ని మా తమ్ముడు పందొమ్మిదేళ్ళ క్రితం ఓసారి చూసి ఇచ్చేస్తానని పట్టుకెళ్ళాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు. మిగతా రెండూ కూడా వాడికే ఇస్తున్నాను. నా కోపం తీరి కాదు, ఆ పుస్తకాలు విడివిడిగా ఉండటం చూడలేక.

3. కంప్యూటరు నా భార్యది. ఆమెకు చూపు పోయి ఎనిమిదేళ్ళయింది. పుస్తకాలు చదివి వినిపించేది ఆ మిషనే. దాని బాగోగులు చూసే హక్కు మా అల్లుడికి ఇస్తున్నాను. అతను కంప్యూటర్లు బాగుచేసే మనిషి, మంచివాడు. తెలియని ఫైలు కనిపిస్తే మాత్రం చెయ్యి ఆగేది కాదు.

రెండేళ్ళ క్రితం, నేను ఇంట్లో లేనప్పుడు, మిషను నత్తనడక నడుస్తున్నదని అతను దాన్ని శుభ్రం చేశాడు. ఆ సాయంత్రం నా భార్య పావుగంట విని, "ఇది మనది కాదు. ఎవరో కొత్త మనిషి చదువుతున్నాడు" అని ఆపించింది. రెండు రోజులు ఏమీ వినలేదు.

పోయినది ఎక్స్‌డీ-04. పేరు చూస్తే ఎందుకూ పనికిరాని మిగులు ఫైలులాగే ఉంటుంది. పేరు మారిస్తే మిషను గుర్తుపట్టదు. మిషను ఏ మాటనైనా ఖూనీ చేసినప్పుడల్లా మా ఆవిడ నొసలు ముడుస్తుంది. నేను పక్కన కూర్చుని, ఆ మాట ఎలా పలకాలో అందులో ఎక్కిస్తాను. ఇప్పటికి నాలుగు వేల రెండు వందల మాటలయ్యాయి. పూలమొక్కల పేర్లు, ఆమె పుట్టింటివాళ్ళ పేర్లు, ఆమె నన్ను పిలిచే పేరు కూడా ఉన్నాయి. ఆ చివరిది ఇక్కడ రాయను.

అల్లుడు కంప్యూటరులోని చెత్తబుట్ట ఖాళీ చెయ్యడం మర్చిపోయాడు కాబట్టి ఫైలు దొరికింది. ఆ మతిమరుపుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కానీ అప్పటి నుంచి మా మిషను తాకమంటే అతనికి భయం. ఆ భయం వల్ల నా తరువాత ఆమెకు పుస్తకాలు ఆగిపోకూడదు. అందుకే ఈ కింది క్లాజు.

4. "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్" అని పేర్లున్న ఫైళ్ళలో ఆఖరుది ఉంచి మిగతావి చెరపవచ్చును. ఆఖరుది ఏదో పేరు చూసి కాదు, తేదీ చూసి తేల్చవలెను. ఒకే కరెంటు బిల్లు నాలుగుసార్లు దిగి ఉంటే అది నా వేలి తొందర, మూడు తీసెయ్యండి. తీసేసిన ప్రోగ్రాముల తాలూకు మిగులు ఫైళ్ళని తెలిసినవి అల్లుడి ఇష్టం.

ఏమిటో తెలియనివాటికి అచ్చాఫీసు పద్ధతి వర్తిస్తుంది. ప్రూఫులో అనుమానం వస్తే మేము కొట్టెయ్యం. మార్జిన్లో ప్రశ్నార్థకం పెట్టి రాసినాయన్ని అడుగుతాం. అల్లుడూ అలాగే వాటిని "ప్రశ్న" అనే ఫోల్డరులోకి మార్చి మూడు నెలలు ఆగవలెను. ఆలోపు అత్తగారు నొసలు ముడవకపోతే నిక్షేపంగా చెరిపెయ్యవచ్చును.

5. మా అమ్మాయికి నా ఎర్ర పెన్నులు. రెండో తరగతిలో అది నాకు రాసిన ఉత్తరంలో తొమ్మిది తప్పులు దిద్ది తిరిగిచ్చాను. ఆ ఉత్తరం బీరువా పై అరలో ఉన్నది. తప్పులతోనే బాగుండేది, తల్లీ.

6. ఇకమీద ఎక్స్‌డీ-04లో కొత్త మాటలు ఎక్కించే పని అల్లుడిది. ఎలా పలకాలో తెలియకపోతే అత్తగారినే అడగవలెను. ఆమెకు అడిగించుకోవడం ఇష్టం. నాకు తెలిసినంతలో తృప్తిగా బతికాను, ఆమె కుర్చీ పక్కన కూర్చున్న సాయంత్రాలే అందుకు సాక్ష్యం.

ఆమెకు ఇక ఏదీ వినే అవసరం లేని రోజు వస్తే, ఆ ఫైలును అల్లుడే తన చేత్తో చెరపవలెను. అప్పుడు మూడు నెలలు ఆగనక్కర్లేదు. ఎవరినీ అడగనక్కర్లేదు.

చదివి చూసుకుని, సరిగ్గా ఉన్నదని చేవ్రాలు చేస్తున్నాను.

తేదీ: 18 నవంబరు 2024
(సంతకం) ప్రూఫురీడరు

సాక్షులు:
1. పక్క వాటా టైలరు
2. అచ్చాఫీసు పాత కంపోజిటరు (రెండు కామాలు తక్కువన్నాడు. ఒకటి పెట్టాను.)